వుడెన్ ఫ్లోరింగ్ ఎందుకు ఉబ్బుతుంది? నేలకు అంటించని నేల పనిచేసే తీరు

హైదరాబాద్, విశాఖపట్నం, విజయవాడ లాంటి నగరాల్లో ఫ్లాటు కొన్నవాళ్లు పడకగదికి ‘వుడెన్ ఫ్లోరింగ్’ వేయించుకోవడం మామూలైపోయింది. ఉన్న టైల్స్ పగలగొట్టక్కర్లేదు, సిమెంటు పని లేదు, పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి గది తయారు. చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. తొలి వానాకాలం దాటేసరికి కొన్ని ఇళ్లలో గది మధ్యన పలకలు పైకి లేస్తాయి. ఇంకొన్నిచోట్ల మంచం పక్కన అడుగు వేసినప్పుడల్లా టక్కుమని చప్పుడొస్తుంది, అతుకుల దగ్గర అంచులు ఉబ్బి కాలికి తగులుతాయి. అమ్మినవాళ్లు ‘నీళ్లు ఎక్కువ పోసి తుడిచారు’ అంటారు. కొన్నవాళ్లు ‘నాసిరకం సరుకు అంటగట్టారు’ అంటారు. రెండూ జరుగుతాయి. అయితే ఇలాంటి ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం పలక చుట్టూ వదలని ఖాళీలోనో, పలక కింద ఎవరూ పరీక్షించని నేలలోనో ఉంటుంది.

క్లుప్తంగా

ఈ రకం నేల కింది గచ్చుకు అంటుకుని ఉండదు, గదిలో తేలుతున్నట్టు ఉంటుంది. అందుకే దీన్ని ఫ్లోటింగ్ ఫ్లోర్ అంటారు. గాలిలో తేమను బట్టి, ఎండను బట్టి కాస్త సాగుతుంది, కాస్త కుంచించుకుపోతుంది. సాగడానికి గోడల పక్కన చోటు లేకపోతే పైకి లేస్తుంది. కింద గచ్చు చదునుగా లేకపోతే అతుకులు విరుగుతాయి. కింద చెమ్మ ఉన్నా, పైన నీళ్లు నిలిచినా లామినేట్ పలక (కలప నారను నొక్కి చేసినది) ఉబ్బి మళ్లీ మామూలు స్థితికి రాదు. ఎస్‌పీసీ పలక (రాతి పొడి, ప్లాస్టిక్ కలిపి చేసినది) నీటికి చెడదు కానీ ఎండకు సాగుతుంది, దాని కింద చేరిన నీరు ఎటూ పోదు. రోజూ ఇల్లంతా తడిబట్టతో తుడిచే అలవాటున్న ఇళ్లలో ఏ గదికి ఏ రకం అన్నది రంగు కంటే ముందు తేల్చుకోవాల్సిన విషయం.

అంటించకుండా ఎలా నిలుస్తుంది

టైల్‌ను సిమెంటు పట్టి ఉంచుతుంది. పాత పద్ధతి చెక్క నేలను కింద పరిచిన పట్టీలకు మేకులతో బిగిస్తారు. ఫ్లోటింగ్ ఫ్లోర్‌లో ఈ రెండూ ఉండవు. గచ్చు మీద పలుచని ఫోమ్ షీటు పరుస్తారు. దాని మీద పలకలు పెట్టి, ఒకదాని నాలుకను పక్కదాని గాడిలోకి దించి బిగిస్తారు. అలా గదిలోని పలకలన్నీ కలిసి ఒకే పెద్ద పలక అవుతాయి. దాన్ని అక్కడ నిలిపి ఉంచేది దాని బరువు, పలకల మధ్య ఉన్న లాకులు మాత్రమే.

లామినేట్ నేల పుట్టింది స్వీడన్‌లో. పెర్‌స్టార్ప్ అనే కంపెనీ 1977లో దీన్ని కనిపెట్టింది. తర్వాత అది పెర్గో పేరుతో ప్రపంచమంతా తెలిసింది. మొదట్లో పలకల అంచులకు జిగురు రాసి అతికించేవాళ్లు. 1990ల రెండో సగంలో స్వీడన్‌కు చెందిన వాలింగే, బెల్జియంకు చెందిన యూనిలిన్ కంపెనీలు జిగురు అవసరం లేని లాకులను మార్కెట్లోకి తెచ్చాక పని స్వరూపం మారిపోయింది. అనుభవం ఉన్న ఇద్దరు మనుషులు ఒక్కరోజులో పెద్ద గదిని ముగించగలుగుతున్నారు. బిగించడం తేలికైన కొద్దీ, బిగించకముందు చేయాల్సిన పని మీద శ్రద్ధ తగ్గింది. నేలను కొలవడం, చెమ్మ చూడటం, చెడ్డచోట సరిచేయడం కోసం కొటేషన్‌లో ప్రత్యేకంగా ఒక వరుస కనిపించడం అరుదు. సమస్యలు ఎక్కువగా పుట్టేది ఈ వదిలేసిన పనిలోనే.

పైకి ఒకేలా కనిపించే మూడు రకాలు

షాపులో పక్కపక్కన పెడితే మూడూ టేకు రంగులోనో, ఓక్ రంగులోనో ఒకేలా ఉంటాయి. లోపల ఉన్న సరుకు వేరు.

లామినేట్ పలకలో గుండె భాగం హెచ్‌డీఎఫ్. కలప నారను జిగురుతో కలిపి గట్టిగా నొక్కి చేసిన అట్ట అది. దాని మీద చెక్క బొమ్మ అచ్చు వేసిన కాగితం, ఆపైన మెలమిన్ రెసిన్‌తో చేసిన పారదర్శకమైన పొర ఉంటాయి. గీతలు పడకుండా కాపాడే అల్యూమినియం ఆక్సైడ్ ఈ పై పొరలోనే ఉంటుంది. అడుగున బిగింపు సమంగా ఉంచడానికి ఇంకో పొర. మందం ఎక్కువగా 8 మి.మీ. లేదా 12 మి.మీ. పై పొర అరుగుదలను ఎంత తట్టుకుంటుందో ఏసీ1 నుంచి ఏసీ6 దాకా అంకెల్లో చెబుతారు (ఇక్కడ ఏసీ అంటే అరుగుదల తరగతి). ఇంటికి ఏసీ3 సరిపోతుంది, జనం ఎక్కువగా తిరిగే హాలుకు ఏసీ4 మేలు. 12 మి.మీ. పలక 8 మి.మీ. దాని కంటే అడుగు కింద గట్టిగా తగులుతుంది, చప్పుడు కాస్త తక్కువ. అంతమాత్రాన నీటిని ఎక్కువ తట్టుకుంటుందని కాదు. గీతల విషయంలో కూడా చూడాల్సింది ఏసీ అంకెనే, మందాన్ని కాదు.

ఎస్‌పీసీ పలకలో కలప ఉండదు. సున్నపురాయి పొడి, పీవీసీ ప్లాస్టిక్ కలిపి తయారుచేసిన పలక అది. పొడి వాటాయే ఎక్కువ. పైన అచ్చు పొర, దాని మీద అరుగుదల పొర ఉంటాయి. మందం 4 నుంచి 6 మి.మీ. మధ్య. ఇక్కడ నాణ్యతను అరుగుదల పొర మందంతో కొలుస్తారు. ఇంటికి 0.3 మి.మీ. నడుస్తుంది, 0.5 మి.మీ. అయితే ఎక్కువకాలం మన్నుతుంది. చాలా పలకలకు అడుగున ఫోమ్ ముందే అంటించి వస్తుంది. అలాంటివాటి కింద ఇంకో ఫోమ్ పరవడం మంచి ఉద్దేశంతో చేసే తప్పు. కింద మెత్తదనం ఎక్కువైతే అడుగు పడ్డప్పుడల్లా అతుకు వంగుతుంది, పలుచని లాకు కొన్నాళ్లకు విరుగుతుంది.

మూడోది ఇంజినీర్డ్ వుడ్. అడుగున ప్లైవుడ్ లాంటి పొరలు, పైన 2 నుంచి 6 మి.మీ. దాకా నిజమైన కలప. పై పొర మందంగా ఉంటే జీవితకాలంలో ఒకట్రెండు సార్లు గీకి మళ్లీ పాలిష్ చేయించుకోవచ్చు. మిగతా రెండింటిలో ఆ అవకాశమే లేదు, ఎందుకంటే పైన కనిపించేది అచ్చు బొమ్మ. దీని ధర ఎక్కువ, తేమకు స్పందన కూడా ఎక్కువ. గదిలో ఏసీ నిలకడగా నడిచే ఇళ్లలోనే ఇది కుదురుగా ఉంటుంది.

అంచున వదలాల్సిన ఖాళీ

చెక్క తలుపు వానాకాలంలో ఉబ్బి చట్రంలో బిగుసుకుపోవడం, ఎండాకాలంలో మళ్లీ వదులవడం ప్రతి ఇంట్లో చూసేదే. లామినేట్ నేలలోనూ ఇదే జరుగుతుంది. తేడా ఏమిటంటే తలుపు మూడడుగుల వెడల్పు, నేల పన్నెండు, పదిహేను అడుగులు. ఒక్కో పలకలో కంటికి కనిపించని మార్పు గది పొడవునా కలిస్తే కొన్ని మిల్లీమీటర్లు అవుతుంది. పలకలన్నీ ఒకదానికొకటి లాక్ అయి ఉన్నాయి కాబట్టి ఆ సాగుడంతా చివరికి గోడల దగ్గరే బయటపడాలి.

అందుకే గోడలకు, స్తంభాలకు, తలుపు చట్రాలకు, రాతి గడపలకు నాలుగు వైపులా ఖాళీ వదలాలి. వాడుకలో ఉన్న లెక్క ప్రకారం గది కొలతలో ప్రతి మీటరుకు సుమారు 1.5 మి.మీ. చొప్పున, ఎంత చిన్న గదైనా ఒక్కో వైపు 8 నుంచి 10 మి.మీ.కు తగ్గకుండా వదులుతారు. దాన్ని కప్పేది గోడ అడుగున వేసే పట్టీ, అంటే స్కర్టింగ్. స్కర్టింగ్‌ను గోడకు కొట్టాలి తప్ప నేలకు కాదు. గది ఒకవైపు 8, 10 మీటర్లు దాటితే నేలను మధ్యలో కోసి, అక్కడ టీ ఆకారపు ప్రొఫైల్ పట్టీ వేయాలి. కచ్చితమైన హద్దు కంపెనీని బట్టి మారుతుంది, పెట్టెలో వచ్చే కాగితంలో రాసి ఉంటుంది. రెండు పడకగదులు, మధ్య నడవా కలిపి ఒకే నేలగా పరిస్తే చూడటానికి బాగుంటుందని చాలామంది తలుపుల దగ్గర పట్టీ వద్దంటారు. ఇలాంటి ఇళ్లలో నేల బిగుసుకునే చోటు చాలాసార్లు ఆ సన్నని తలుపు సందే.

ఖాళీ వదిలినా తర్వాత తెలియకుండా పూడ్చేస్తారు. పెయింటర్ వచ్చి స్కర్టింగ్ కింద పుట్టీ నింపుతాడు. బాల్కనీ తలుపు దగ్గర చీమలు వస్తున్నాయని వైట్ సిమెంట్ పెడతారు. తలుపు స్టాపర్ కోసం పలకలోంచి గచ్చు దాకా డ్రిల్ చేసి స్క్రూ బిగిస్తారు. ఒక్క స్క్రూతో ఆ చోట తేలడం ఆగిపోయి నేల గచ్చుకు కట్టుబడిపోతుంది. స్టాపర్‌ను గోడకు పెట్టించుకోవడం దీనికి సులువైన దారి.

బరువైన సామాను గురించి భయం ఎక్కువ, అవగాహన తక్కువ. మంచాలు, సోఫాలు, ఒక స్టీలు బీరువా వల్ల ఏమీ కాదు. బీరువా ఉన్నవైపు నేల కదలకపోయినా రెండో వైపుకు సాగుతుంది. ఎదురెదురు గోడల పక్కన రెండు బాగా బరువైన వస్తువులు కూర్చుంటే మధ్యలో నేల ఇరుక్కుంటుంది. గోడ నిండా ఉండే వార్డ్‌రోబ్, మాడ్యులర్ కిచెన్ క్యాబినెట్ల కింద మాత్రం ఈ నేల వెళ్లకూడదు. ముందు వార్డ్‌రోబ్ గచ్చు మీద నిలబెట్టి, దాని చుట్టూ నేల వేయాలి. ఇంటీరియర్ పనుల్లో వరుస తారుమారై నేల ముందు, వడ్రంగి పని తర్వాత జరిగినప్పుడు ఈ తప్పు దొర్లుతుంది.

ఊరిని బట్టి కూడా లెక్క మారుతుంది. విశాఖలో ఏడాదిలో చాలాభాగం గాలిలో తేమ ఎక్కువే. అక్కడ నేల సాగిన స్థితిలోనే ఎక్కువకాలం ఉంటుంది కాబట్టి ఖాళీ తక్కువైతే త్వరగా తెలుస్తుంది. హైదరాబాద్‌లో వేసవి గాలి బాగా పొడిగా, వానాకాలం గాలి తేమగా ఉంటుంది. ఈ ఊపు పెద్దది. ఏప్రిల్‌లో వేసిన నేల కుంచించుకున్న స్థితిలో పడుతుంది, ఆగస్టులో పూర్తిగా సాగుతుంది. పని చేసిన రోజున అంతా సవ్యంగా ఉండి మూడు నాలుగు నెలలకు లేవడానికి ఇదే కారణం. అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో ఉండే తెలుగు కుటుంబాలకు కనిపించేది దీనికి తలకిందులు. చలికాలం హీటర్ ఇంట్లో గాలిని ఎండబెట్టేసరికి పలకల మధ్య సన్నని సందులు వస్తాయి, వేసవిలో వాటంతటవే మూసుకుంటాయి.

ఎస్‌పీసీకి తేమతో పెద్దగా పని లేదు, వేడితో ఉంది. పడమటి కిటికీలోంచి మే నెల ఎండ నేరుగా పడే చోట ముదురు రంగు పలక బాగా వేడెక్కుతుంది. ఎండ పడిన భాగం సాగుతుంది, పడని భాగం సాగదు. నీళ్లకు భయం లేదు కదా అని ఖాళీ వదలకుండా గోడకు ఆనించి వేసిన ఎస్‌పీసీ వేసవిలో లేవడం అందుకే. అలాంటి కిటికీలకు కర్టెన్ తప్పనిసరి. గాజు పలకలతో మూసిన బాల్కనీలో ఈ నేల వేయకపోవడమే మంచిది.

గచ్చు వాలుగా ఉండొచ్చు, గుంటలుగా ఉండకూడదు

మన ఇళ్లలో నేల కడిగితే నీరు పోవడానికి తలుపు వైపో, బాల్కనీ వైపో కొంచెం వాటం ఇవ్వడం మేస్త్రీల అలవాటు. ఈ వాటం ఫ్లోటింగ్ ఫ్లోర్‌కు అడ్డు కాదు. వాలు ఒకే తీరుగా ఉన్నంతవరకు పలకలు దాని మీద హాయిగా కూర్చుంటాయి. అడ్డొచ్చేది ఎగుడుదిగుడు. రెండు మీటర్ల వంకర లేని కడ్డీ నేల మీద పెట్టి తిప్పితే దాని కింద ఎక్కడా 3 మి.మీ. కంటే ఎక్కువ సందు కనిపించకూడదు. కనిపిస్తే ఆ పలక కింద గాలి ఉన్నట్టే. కాలు వేసినప్పుడు పలక కిందికి వంగి గచ్చును తాకుతుంది, తీయగానే లేస్తుంది. టక్కుమనే శబ్దం అదే. చప్పుడు ఒక్కటే అయితే ఓర్చుకోవచ్చు కానీ రోజుకు వందసార్లు వంగే అతుకు ఎన్నాళ్లో నిలవదు.

సెల్ఫ్ లెవెలింగ్ సిమెంట్ పోసి గుంటలు పూడ్చడం, లేచిన టైల్ అంచును రుద్దించడం దీనికి సరైన మార్గాలు. గుంట ఉన్నచోట ఫోమ్ రెండు మడతలు వేసి సరిపెట్టడం ఆ రోజుకు పని జరిపించుకోవడమే. పాత టైల్స్ మీద వేసేటప్పుడు ఒక్కో టైల్‌ను కర్రతో తట్టి చూడాలి. బోలుగా మోగిన టైల్ కదులుతుంటే దాన్ని తీసి సిమెంటుతో నింపాకే ముందుకెళ్లాలి. తాండూరు బండలు పరిచిన పాత ఇళ్లలో బండల అంచుల మధ్య ఎత్తు తేడా ఎక్కువగా ఉంటుంది. అక్కడ లెవెలింగ్ లేకుండా పలుచని ఎస్‌పీసీ వేయడం డబ్బు వృథా.

తలుపుల కింద ఉన్న సందు కూడా ముందే చూసుకోవాలి. 2 మి.మీ. ఫోమ్, 8 మి.మీ. పలక కలిస్తే నేల సెంటీమీటరు ఎత్తు పెరుగుతుంది. తలుపు అడుగు చెక్కాలా వద్దా అన్నది నేల వేశాక తెలిసే విషయం కాకూడదు.

చెమ్మ వచ్చే దారులు

ఇది ఎక్కువ నష్టం చేసేది, తక్కువగా పరీక్షించేది. కొత్త ఇంట్లో సిమెంటు గచ్చు పైకి ఆరినట్టు కనిపించినా లోపల నీరు ఉంటుంది. మంచి వాతావరణంలో మొదటి నాలుగు సెంటీమీటర్ల మందం వరకు సెంటీమీటరుకు వారం చొప్పున, ఆపైన అంతకు రెట్టింపు సమయం పడుతుందన్నది కట్టడాల వాళ్లు వాడే మోటు లెక్క. వానాకాలంలో ఇంకా ఎక్కువ. గృహప్రవేశం ముహూర్తం ముందు పడిపోయి, గచ్చు ఆరడానికి వ్యవధి లేని ఇళ్లలో పడకగదిని కొన్ని నెలలు టైల్‌తోనో, ఖాళీ గచ్చుతోనో వాడుకుని తర్వాత వేయించుకోవడం నష్టం లేని దారి.

నిపుణుల దగ్గర గచ్చు తేమ కొలిచే మీటర్లు ఉంటాయి. అవి లేకపోతే ఇంట్లో చేయగలిగే తొలి పరీక్ష ఒకటుంది. అడుగున్నర చదరపు పాలిథిన్ షీటును గచ్చుకు నాలుగు వైపులా టేపుతో గాలి చొరబడకుండా అతికించి ఒక పూర్తి రోజు వదిలేయాలి. తీసేటప్పుడు లోపలి వైపు నీటి చెమటలు ఉన్నా, గచ్చు రంగు ముదిరినా ఆ నేల ఇంకా సిద్ధంగా లేదు. ఏమీ కనిపించకపోతే అంతా బాగున్నట్టు హామీ లేదు కానీ కనిపిస్తే మాత్రం ఆగడమే మార్గం.

గ్రౌండ్ ఫ్లోర్‌లో భూమి నుంచి చెమ్మ పైకి ఎక్కుతుంది. దాన్ని అడ్డుకోవడానికి ఫోమ్ కింద 200 మైక్రాన్ల పాలిథిన్ షీటు పరిచి, షీట్లు కలిసే చోట ఓ 20 సెం.మీ. ఒకదాని మీద ఒకటి వచ్చేలా చేసి టేపు వేస్తారు. చెదలు ఉన్న ఇంట్లో లామినేట్ వేసేముందు చెదల మందు కొట్టించడం కూడా ఇదే దశలో జరగాలి. హెచ్‌డీఎఫ్ కలప నారే కాబట్టి చెదలకు అది ఆహారమే.

పై అంతస్తుల్లో చెమ్మకు భూమి కారణం కాదు, బాత్రూమ్ కారణం. మన అపార్ట్‌మెంట్లలో బాత్రూమ్ నేలను ఒక అడుగు దాకా దించి, పైపులు పరిచి, పైన నింపి టైల్స్ వేస్తారు. ఆ నింపిన భాగంలో సన్నని లీకు ఉంటే నీరు అక్కడ చేరి మెల్లగా పక్క పడకగది గోడ అడుగుకు పాకుతుంది. టైల్ నేల ఉన్నంతకాలం ఇది స్కర్టింగ్ పైన పెయింటు పొట్టుగా లేవడం వరకే కనిపించేది. దాని మీద లామినేట్ వేశాక అదే చెమ్మ పలకల్లోకి ఎక్కుతుంది. బాత్రూమ్‌తో గోడ పంచుకునే గదిలో గోడ అడుగున రంగు ఊడి ఉంటే నేల పని ఆపి ముందు ప్లంబర్‌ను పిలవాలి. నేల ఎంత మంచిదైనా ఈ లీకును తట్టుకోదు.

వేసే రోజు

పెట్టెలను విప్పకుండా అదే గదిలో నేల మీద పడుకోబెట్టి 48 గంటలు ఉంచాలి. గది వాతావరణానికి పలకలు అలవాటు పడటానికి ఈ వ్యవధి. రోజూ ఏసీ వాడే గది అయితే ఆ రెండు రోజులూ అలాగే వాడాలి. కొలత కంటే 5 నుంచి 10 శాతం ఎక్కువ సరుకు తెప్పించుకోవాలి. ఒకే పెట్టెలోంచి వరుసగా తీయకుండా మూడు నాలుగు పెట్టెల పలకలు కలుపుతూ వేస్తే రంగు తేడాలు కనబడవు.

పక్క వరుసల్లో పలకల చివరి అతుకులు కనీసం 30 సెం.మీ. ఎడంగా ఉండాలి. అతుకులన్నీ ఒకే గీతలోకి వస్తే అక్కడ నేల బలహీనమవుతుంది. చివరి వరుస 5 సెం.మీ. కంటే సన్నగా మిగలకుండా మొదటి వరుసను ముందే కోసుకోవాలి. తలుపు చట్రం చుట్టూ పలకను గుండ్రంగా కోసి సీలెంట్ నింపే బదులు చట్రం అడుగును పలక మందం మేర కోసి, పలకను కిందికి తోయడం మంచి పనివాళ్లు చేసే పద్ధతి. లాకు బిగియకపోతే సుత్తితో నేరుగా కొట్టకూడదు. అంచు చితికిన పలక ఆ రోజు సరిగ్గానే కూర్చుంటుంది, నెలల తర్వాత తెరుచుకుంటుంది.

తడిబట్ట, ఫినాయిల్, పండగ కడుగుళ్లు

బండ నేల, మొజాయిక్, టైల్ – మూడింటినీ బకెట్ నీళ్లతో కడగొచ్చు. రోజూ ఉదయం ఇల్లు ఊడ్చి తడిబట్ట పెట్టడం, పండగ ముందు నేలంతా కడగడం మన ఇళ్లలో శుభ్రతకు కొలబద్ద. ఈ అలవాటును మార్చుకోమని ఒక్క మాటలో చెప్పడం తేలిక, ఇంటి పనికి వచ్చే మనిషితో సహా అందరూ పాటించడం కష్టం. కాబట్టి నేల ఎంపికే అలవాటుకు తగ్గట్టు ఉండాలి. హాలు, వంటిల్లు, పూజగది రోజూ తడిపేవాళ్లు అక్కడ టైల్‌నే ఉంచుకుని పడకగదులకు మాత్రం లామినేట్ తీసుకోవడం తెలివైన ఎంపిక. ఇల్లంతా ఒకే నేల కావాలంటే ఎస్‌పీసీ వైపు చూడాలి. పూజగదిలో దీపం నూనె, అభిషేకం నీళ్లు, కుంకుమ మరకలు తప్పవు. అక్కడ గ్రానైట్‌కు సాటి వచ్చేది ఇంకా రాలేదు.

లామినేట్ పైభాగం నీటిని లోపలికి రానివ్వదు. నీరు వెళ్లేది అతుకుల్లోంచి. కారుతున్న బట్టతో తుడిస్తే ప్రతిరోజూ కాస్త తేమ అతుకులోకి దిగి హెచ్‌డీఎఫ్‌కు చేరుతుంది. ఒకసారి ఉబ్బిన నార ఆరినా తిరిగి అదే మందానికి రాదు. అంచులు చిన్న గట్టులా మిగిలిపోతాయి, తర్వాత నడకకు ఆ గట్టు మీది పొరే ముందు అరుగుతుంది. బట్టను గట్టిగా పిండి, తుడిచిన నిమిషం రెండు నిమిషాల్లో నేల ఆరిపోయేంత తడితో తుడవడం వల్ల నష్టం ఉండదు. మైక్రోఫైబర్ మాపు దీనికి అనువు. ఒలికిన నీళ్లు, టీ, పిల్లల పనులు ఏవైనా వెంటనే తుడిచేయాలి.

టైల్స్‌కు వాడే యాసిడ్ ఈ నేలల దరికి రాకూడదు. ఫినాయిల్ వాసన ఇష్టమైనా దాన్ని చిక్కగా కలిపితే పైన జిడ్డు పొర మిగిలి అడుగుల ముద్రలు పడతాయి. స్టీమ్ మాప్‌లు ఆవిరిని ఒత్తిడితో అతుకుల్లోకి పంపుతాయి కాబట్టి లామినేట్‌కు అవి శత్రువులే. లామినేట్, ఎస్‌పీసీలకు పాలిష్, మైనం పట్టించడం వల్ల ఉపయోగం లేదు, అవి పీల్చుకోవడానికి పైన కలప లేదు. గీతలకు మూలం ఎక్కువగా బయటి ఇసుక. గుమ్మం దగ్గర మంచి కాళ్లపట్టా, కుర్చీ కాళ్లకు ఫెల్ట్ ముక్కలు, ఆఫీసు కుర్చీకి మెత్తని చక్రాలు – ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ.

‘వాటర్‌ప్రూఫ్’ అన్న మాటను కూడా సరిగ్గా చదవాలి. అది పలక చెడదని చెప్పే మాట. అతుకుల్లోంచో గోడ పక్క నుంచో నేల కిందికి దిగిన నీటి గురించి అది ఏమీ చెప్పదు. స్ప్లిట్ ఏసీ డ్రెయిన్ పైపు గదిలోకి కారినా, వాటర్ ప్యూరిఫయర్ పైపు ఊడినా ఆ నీరు ఎస్‌పీసీ కింద చిక్కుకుని ఆరదు. పైకి నేల చక్కగా ఉంటుంది, కొన్ని రోజులకు ముక్కిన వాసన వస్తుంది.

కొత్త నేల వాసన మీద కూడా అనుమానాలు ఉన్నాయి. హెచ్‌డీఎఫ్‌లో జిగురు నుంచి ఫార్మాల్డిహైడ్ అనే హానికర వాయువు కొద్దికొద్దిగా గాలిలోకి వస్తుంది. 2015 మార్చిలో అమెరికాలో సీబీఎస్ చానెల్ ప్రసారం చేసిన కథనం చైనాలో తయారైన కొన్ని లామినేట్ పలకల్లో ఇది పరిమితికి మించి ఉందని చూపించాక పెద్ద దుమారం లేచింది. కొనేటప్పుడు పెట్టె మీద ఈ వాయువు పరిమితిని చెప్పే ‘ఈ1’ లేదా అంతకంటే కఠినమైన ప్రమాణం ముద్ర ఉందో లేదో చూడటం, వేసిన తర్వాత కొన్నాళ్లు కిటికీలు తెరిచి ఉంచడం చాలు.

లక్షణాన్ని బట్టి కారణం

నేల ఎక్కడ, ఎలా చెడిందో చూస్తే కారణం చాలావరకు తెలుస్తుంది. గది మధ్యలో టెంటులా లేచి, తొక్కితే దిగి మళ్లీ లేస్తే నేల గోడల దగ్గర బిగుసుకుంది. స్కర్టింగ్ ఊడదీసి, ఆనుకున్న చోట పలక అంచును కోస్తే చాలాసార్లు ఒకట్రెండు రోజుల్లో దానంతటదే దిగుతుంది. గదంతా అతుకులు సమానంగా ఉబ్బి ఉంటే పైనుంచి తడి ఎక్కువైనట్టు. ఒక గోడ పక్కనే ఉబ్బి, లోపలికి వెళ్లేకొద్దీ తగ్గుతుంటే అటు నుంచి చెమ్మ వస్తున్నట్టు. అప్పుడు పలక మార్చడం రెండో పని, చెమ్మ ఆపడం మొదటిది. ఒకేచోట చప్పుడు వస్తుంటే కింద గుంట ఉంది. అమ్మినవాళ్లతో మాట్లాడేముందు స్కర్టింగ్ ఒకచోట తీయించి, గోడకు పలకకు మధ్య ఎంత ఖాళీ ఉందో స్కేలుతో కొలిచి ఫోటో తీసి పెట్టుకుంటే వాదన అరగంటలో ముగుస్తుంది. వారంటీ కాగితాల్లో వేసే విధానం తప్పయితే బాధ్యత లేదని సాధారణంగా రాసి ఉంటుంది కాబట్టి సరుకు బిల్లుతో పాటు పని బిల్లు కూడా విడిగా తీసుకోవాలి.

నీళ్లు ఇంట్లోకి వచ్చినప్పుడు

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను విశాఖలో కిటికీ అద్దాలు పగలగొట్టి పై అంతస్తుల్లోకీ వానను తోసింది. 2020 అక్టోబరు వానలకు హైదరాబాద్ కాలనీలు మునిగాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదతో విజయవాడ సింగ్‌నగర్ పరిసరాల్లో రోజుల తరబడి నీరు నిలిచింది. అలాంటి నీటిలో నానిన లామినేట్‌ను ఆరబెట్టి కాపాడుకోవాలని చూడటం శ్రమ దండగ. తీసేయాల్సిందే. ఎస్‌పీసీ అయితే అంటించి లేదు కాబట్టి ఒక గోడ నుంచి వరుసగా విప్పి, పలకలకు నంబర్లు వేసి, కడిగి, గచ్చు పూర్తిగా ఆరాక మళ్లీ బిగించవచ్చు. కింద విడిగా పరిచిన ఫోమ్ మాత్రం పారేసి కొత్తది వేయాలి. విప్పేటప్పుడు కొన్ని లాకులు విరుగుతాయి, ఆ లెక్కన కొన్ని పలకలు అదనంగా కావాలి.

మామూలు రోజుల్లో ఒక్క పలక చెడినా పరిస్థితి ఇదే. గోడ దగ్గరిదైతే విప్పి మార్చడం అరపూట పని. మధ్యలోదైతే రంపంతో కోసి తీసి, కొత్తదాని లాకు నాలుక కోసి జిగురుతో అతికిస్తారు. డిజైన్లు ఏడాది రెండేళ్లకు మారిపోతాయి, అదే పేరుతో వచ్చినా కొత్త బ్యాచ్ రంగు కలవకపోవచ్చు. కాబట్టి పని పూర్తయిన రోజున మిగిలిన పెట్టెను షాపుకు తిరిగి ఇచ్చేయకుండా పొడిగా ఉండే అటకలో పడుకోబెట్టి, పైన గది పేరు, కంపెనీ పేరు, బ్యాచ్ నంబరు రాసి ఉంచుకోవాలి.